క్యాట్‌కు సి ఎందుకు, కైట్‌కు కె ఎందుకు? రెండో తరగతి పిల్లలకు ఎలా చెప్పాలి?

మీ బాబు క్యాట్‌కు కె రాస్తున్నాడని, డిక్టేషన్ అంటేనే ఏడుస్తున్నాడని రాశారు. దేవరకొండ దగ్గర ఒక సర్కారు బడిలో ఒకటి, రెండు తరగతులకు చెప్తాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా. ముందు మీరు టెన్షన్ పడకండి. క్యాట్‌లో మొదట వినపడేది 'క్' శబ్దమే. మీ వాడు సరిగ్గానే విన్నాడు.

మా క్లాసులో ఒక పిల్లాడు ఇలాగే కె, ఎ, టి అని రాస్తే ఎర్రపెన్నుతో ఇంటు కొట్టాను. "కె అంటే గూడ క్ అనే కద మేడం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. "స్పెల్లింగ్ అంతే, బట్టీ పట్టు" అన్నాను. ఆ తర్వాత చాలా రోజులు వాడు పలకకు చెయ్యి అడ్డం పెట్టుకునే రాశాడు, నాకు కనపడకుండా. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వాడికి చెప్పాల్సిన జవాబు మన తెలుగులోనే ఉంది. మీ బాబుతో చుక్క, చిక్కు అనిపించండి. చుక్క అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గరికి పోతుంది, చిక్కు అన్నప్పుడు కొంచెం వెనక అంగిలికి తగులుతుంది. చాప, చెట్టు కూడా అంతే. అక్షరం ఒకటే, పక్కనున్న అచ్చును బట్టి శబ్దం మారింది. ఇంగ్లీషు సి కూడా ఇదే పని చేస్తుంది. పక్కన ఎ, ఓ, యు ఉంటే 'క్' అంటుంది: క్యాట్, కాట్, కట్. ఇ, ఐ, వై ఉంటే 'స్': సెంట్, సిటీ, సైకిల్. కిట్‌కు సి రాస్తే అది సిట్ అయిపోతుంది, అందుకే అక్కడ కె కావాలి. కంగారూ, కోఆలా అనే జంతువుల పేర్లు కె తోనే మొదలై ఈ రూలుకు లొంగవు, అవి ఆస్ట్రేలియా ఆదివాసీ భాషల నుంచి వచ్చిన మాటలు.

ఇది నేను బోర్డు మీద చెప్పను. ఒక పాపకు సి అట్ట ఇచ్చి నిలబెడతాను, అచ్చుల అట్టలు పట్టుకున్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన నిలబడతారు. ఐ వచ్చిందంటే క్లాసంతా 'స్స్స్' అని బుస కొడుతుంది. ఒక్క పీరియడ్ చాలు.

మాట చివర అయితే, ముందు పొట్టి అచ్చు ఒక్కటే ఉంటే సి, కె రెండూ: బ్యాక్, నెక్, డక్. ఇంకో హల్లు గానీ రెండు అచ్చులు గానీ ఉంటే ఒక్క కె: మిల్క్, డెస్క్, బుక్. మ్యూజిక్, పిక్నిక్ లాంటివి ఇప్పుడే వద్దు. జి అక్షరానికి కూడా సి రూలే చెప్తారు కానీ గెట్, గివ్, గర్ల్ దగ్గర అది తప్పుతుంది, కాబట్టి దాన్ని మూడో తరగతికి వదిలేయండి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి, అందుకే బస్సు, బుక్కు అంటాం. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు. కానీ బ, ఆ, ట అని ఎంత కలిపినా బ్యాట్ రాదు. పలక మీద తెలుగులోనే పొల్లు పెట్టి బ్, ట్, క్ రాసి చూపించండి. ఇంగ్లీషు రాని అమ్మలు కూడా ఇది చక్కగా చెప్పగలరు, మా ఊళ్లో చెప్తున్నారు.

జూ, జీబ్రాల్లో వచ్చే శబ్దం మన జ కాదు. మా క్లాసులో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పాపకు అది జమీన్, జిందగీలతోనే వచ్చేసింది. మిగతా వాళ్లకు ఆమే నేర్పింది, తేనెటీగ లాగా పళ్లు దగ్గర పెట్టి.

రోజుకు ఐదు మాటలు మించి డిక్టేషన్ పెట్టకండి. తప్పు రాస్తే ఇంటు కొట్టకుండా "ఏం వినపడ్డది నాన్నా?" అని అడగండి. వాడు చెప్పిందాకా ఆగండి.