బకెట్‌కు తగిలించే చేట

చిరంజీవి మేనల్లుడికి,

నీ చిన్న ట్రాక్టరు లోడర్‌ బకెట్‌కు ముందు పొడిగింపు చేయించుకుంటానని నిన్న ఫోనులో అన్నావు. మిల్లు ఊక, తోటలో కొబ్బరి డొక్కలు ఎత్తడానికి నాలుగు తిరుగుళ్లు పడుతున్నాయన్నావు. ఆలోచన మంచిదే, చేయించు. కానీ దాన్ని బకెట్‌కు వెల్డింగ్ చేయించకు. పని కాగానే విప్పి పాకలో పెట్టేలా ఉండాలి.

నేను మొదటిసారి వెల్డింగే చేయించాను. నెల తిరక్కుండానే, ట్రాక్టరు నడిపే అబ్బాయి ఆ బకెట్‌తోనే బోదె పూడిక తీయబోయాడు. తడి ఒండ్రు నిండుగా పట్టింది. ఎత్తగానే వెనక చక్రాలు జానెడు పైకి లేచాయి. వెంటనే దించాడు కాబట్టి బోదెలో బోల్తా పడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే బకెట్ అంచులో, అతుకు పక్కనే, వెంట్రుకంత సన్నని పగులు. ఆ అంచు గట్టి ఉక్కు. వెల్డింగ్ వేడికి కాగి ఒక్కసారిగా చల్లారితే అక్కడే పెళుసెక్కుతుంది.

లెక్క చూడు. ఊక ఘనపు మీటరుకు సుమారు 100 నుంచి 150 కిలోలు. తడి ఒండ్రు 1,600 పైమాటే. పొడిగింపుతో బకెట్‌లో 0.4 ఘనపు మీటరు పడుతుందనుకుంటే, ఊక 60 కిలోలకు మించదు, ఒండ్రు 640 దాటుతుంది. పైగా బరువు ముందుకు జరుగుతుంది. నిండు బిందెను చంకన పెట్టుకుని నడవడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు కదా! లోడర్ పుస్తకంలో ఎత్తే బరువు బకెట్‌ను లోడర్ చేతులకు కలిపే పిన్నుల దగ్గర కొలిచిందా, వాటికి అర మీటరు ముందు కొలిచిందా చూసుకో. రెండో అంకే నీకు దగ్గర.

రేకు కోయించే ముందు పాత అట్టపెట్టె చింపి, బకెట్ మీద పెట్టి నమూనా కత్తిరించు. చేటలాగే అడుగు, రెండు పక్కలు ఉంటే చాలు. 3 మి.మీ. రేకు సరిపోతుంది. అదే చదరపు మీటరుకు 23.5 కిలోలు తూగుతుంది కాబట్టి అంతకంటే మందం వద్దు, ముందుకు 45 సెంటీమీటర్లకు మించి పొడవూ వద్దు. ముందు అంచు వంగిపోకుండా కింద యాంగిల్ (L ఆకారపు ఇనుప పట్టీ) అతికించమను. వెనక వైపు, అడుగు రేకు కిందే, మరో పట్టీ అతికిస్తే సందు ఏర్పడుతుంది. బకెట్ అంచు ఆ సందులోకి దూరాలి. పక్క గోడలకు చెరో రెండు 12 మి.మీ. బోల్టులు, ఊడిపోని రకం నట్లతో. రంధ్రాలు పక్క గోడల్లోనే వేయించు, ముందు అంచు జోలికి వెళ్లొద్దు. బిగించాక బకెట్‌ను పూర్తిగా వెనక్కి తిప్పి, పూర్తిగా కిందికి వంచి చూడు. ఎక్కడా తగలకూడదు. మన ఉప్పుగాలికి రేకు త్వరగా తుప్పు పడుతుంది, రెడాక్సైడ్ రెండు పూతలు వేయించు. సీటులోంచి చేట అంచు కనబడదు, దానికి పసుపు రంగు పూయించు.

వెనక చక్రాలు లేవకుండా ఎదురు బరువు కావాలి, అందుకే వెనక రోటవేటరు తగిలించకుండా లోడ్ ఎత్తకు. నడిచేటప్పుడు బకెట్ మోకాలి ఎత్తు దాటకూడదు. మన గట్లు వానాకాలంలో ఎంత మెత్తబడతాయో నీకు తెలుసు. బరువుతో వాటి అంచుకు వెళ్లొద్దని నడిపే వాళ్లకు నువ్వే దగ్గరుండి చెప్పు.

అట్ట నమూనా తయారయ్యాక రేకు కొనకుండా ఆగు. ఆదివారం నేను వస్తాను, నీ బకెట్‌కు పెట్టి ఇద్దరం చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య