కెటిల్‌లా గుడగుడమంటున్న బాయిలర్: పేలిపోతుందా?

మీ ప్రశ్న: ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు, కాంబీ బాయిలర్ (గదుల హీటింగ్‌కీ ట్యాప్ వేడినీళ్లకీ ఒక్కటే), హీటింగ్ వేసిన పది నిమిషాలకి కెటిల్ మరుగుతున్నట్టు గుడగుడ. పేలిపోతుందేమోనని భయం. ఆ భయం పెట్టుకోకండి. నీళ్లు మరీ వేడెక్కితే బాయిలర్ తనంతట తానే ఆగిపోతుంది, ప్రెషర్ 3 బార్ చేరితే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటుంది. అలాగని వదిలేయనూ వద్దు. మేం రెడింగ్‌లో ఉంటాం. మూడేళ్ల కిందట ఇదే చప్పుడుతో మా ఇంట్లో రెండు వారాలు ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు.

ముందు హీటింగ్ ఆపేసి, వేడినీళ్ల ట్యాప్ ఒక్కటే ఐదు నిమిషాలు తిప్పి వినండి. అప్పుడే చప్పుడొస్తే ట్యాప్ నీళ్లు వేడెక్కే భాగంలో సున్నం పేరుకుందేమో అనుకోవాలి. ఈ వైపు నీళ్లు సుద్దరాయి నేలల్లోంచి వస్తాయి. మన ఊళ్లో బోరు నీళ్లకి గీజర్ కాయిల్ తెల్లగా పెచ్చు కట్టదూ, అదే ఇక్కడా. హీటింగ్ వేసినప్పుడే వస్తే మాత్రం గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్ల వైపు నీళ్లు సరిగ్గా తిరగట్లేదన్నమాట. కదలిక మందగించిన నీళ్లు బాయిలర్ లోపల అక్కడక్కడా మరిగి, ఆవిరి బుడగలు పుట్టి చితికిపోతుంటాయి. మీరు వింటున్న గుడగుడ అదే.

మా ఇంట్లో సగం తప్పు నాదే. గ్యాస్ బిల్లు చూసి టెన్షన్ పడి, పడగ్గది తప్ప మిగతా రేడియేటర్లన్నీ కట్టేశాను. పాపం, నీళ్లు తిరగడానికి దారేదీ? అన్నీ తెరిస్తే చప్పుడు తగ్గింది గానీ పోలేదు. హాల్లో రేడియేటర్ తడిమి చూస్తే పైన కాలిపోతోంది, అడుగున చల్లగా ఉంది. అడుగున చల్లగా ఉంటే లోపల మడ్డి. పైన చల్లగా ఉంటే గాలి. గాలైతే హీటింగ్ ఆపి, చల్లారాక, రేడియేటర్ కీతో పై మూలనున్న స్క్రూ కాస్త వదులు చేస్తే బుస్సుమని పోతుంది. కింద పాత గుడ్డ పెట్టుకోండి. నేను పెట్టలేదు. కాటుక కలిపినట్టున్న నీళ్లు కార్పెట్ మీద చిమ్మాయి, ఆ మరక కోసమే సోఫా అటు జరిపాం. గాలి తీశాక బాయిలర్ మీదున్న మీటర్‌లో ప్రెషర్ చూడండి, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి.

చూడ్డానికి మొదట వచ్చిన ఇంజనీర్ కవరైనా తీయకుండా బాయిలర్ మార్చేయాలన్నాడు. రెండో ఆయన రేడియేటర్ల మడ్డి కడిగించి, నీళ్లలోని తుప్పుని అయస్కాంతంతో లాగేసే మాగ్నెటిక్ ఫిల్టర్ బిగించి వెళ్లాడు. అదే బాయిలర్ ఇప్పటికీ నడుస్తోంది.

గడ్డకట్టే చలిలో గుడగుడలాడి ఆగిపోతే కథ వేరు. బాయిలర్‌లో ఆవిరి చల్లబడి ఊరిన నీళ్లని బయటికి పంపే కండెన్సేట్ పైపులో మంచు కట్టి ఉంటుంది. దాని మీద గోరువెచ్చని నీళ్లు పోయండి, మరిగేవి వద్దు.

వెలిగేటప్పుడు ఢబ్బుమంటే మాత్రం వెంటనే ఆపేయండి. గ్యాస్ ఆలస్యంగా అంటుకుంటోందేమో. కవర్ విప్పొద్దు, గ్యాస్ పని చేసేవాళ్ల అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్‌లో రిజిస్టరైన ఇంజనీరే చూడాలి. గ్యాస్ వాసనొచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా బయటికొచ్చి గ్యాస్ ఎమర్జెన్సీ నంబర్ 0800 111 999కి ఫోన్ చేయండి.

అద్దె ఇల్లు కాబట్టి బాయిలర్ రిపేరు ఓనర్ బాధ్యత. ఏడాదికోసారి గ్యాస్ చెక్ చేయించడం కూడా ఆయనే చూసుకోవాలి. ఈ రాత్రే చప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేసి, ఎప్పుడెప్పుడు వస్తోందో రాసి ఓనర్‌కి పంపండి. ఇంజనీర్ గుమ్మంలో అడుగు పెట్టిన రోజు మా బాయిలర్ కిక్కురుమనలేదు.