వయసు పైబడిన వారికి వంగే మూడు చక్రాల బైకు సరిపోతుందా?

మోకాళ్ల నొప్పుల వల్ల ఆగి ఉన్న బైకు బరువును కాళ్లతో కాయలేని వారికి, మలుపుల్లో పక్కకు వంగే మూడు చక్రాల బైకు పనికివస్తుందా అంటే, అది మోడల్‌ను బట్టి ఉంటుందని చెప్పాలి. వీటిలో ముందు రెండు చక్రాలను కలిపే సమాంతర కడ్డీల అమరిక వల్ల, బండి వంగినప్పుడు చక్రాలూ దానితో పాటే వంగుతాయి కనుక, నడిపే తీరు మామూలు బైకును పోలి ఉంటుంది. తడి రోడ్డు మీదో ఇసుక మీదో ఒక ముందు చక్రం జారినా రెండోది పట్టు నిలుపుకునే అవకాశం ఉండటమే వీటి అసలైన బలం.

అయితే మూడు చక్రాలున్నంత మాత్రాన బండి దానంతట అదే నిలబడదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 2018లో అమ్మకానికి వచ్చిన యమహా నైకెన్ బరువు సుమారు 263 కిలోలు. దానికి వంపును బిగించి ఉంచే లాక్ లేదు కాబట్టి, సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టక తప్పదు. 2006లో వచ్చిన పియాజియో ఎంపీ3 స్కూటర్‌లో మాత్రం, వేగం బాగా తగ్గాక హ్యాండిల్ మీది స్విచ్ నొక్కితే వంపు బిగుసుకుంటుంది కనుక, కాలు దించకుండానే ఆగవచ్చు. తిరిగి కదిలేటప్పుడు లాక్ విడిపోతుంది గనుక, ఆ క్షణంలో బండి నిటారుగా ఉండేలా చూసుకోవాలి. మోకాళ్లే ఇబ్బంది అయితే ఇలాంటి లాక్ ఉన్నదాన్నే నేను సూచిస్తాను.