చేత్తో నడిపితే నడిచే స్క్రిప్టు రాత్రిపూట ఎందుకు మొరాయిస్తుంది?

ప్రశ్న: ఫొటోలను తేదీలవారీగా ఫోల్డర్లలో సర్దే చిన్న బ్యాష్ స్క్రిప్టు (కమాండ్లను వరుసగా నడిపే ఫైలు) రాసుకున్నాను. టెర్మినల్‌లో చక్కగా పనిచేస్తుంది; రాత్రి 2 గంటలకు నడపమని, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్ అనే ప్రోగ్రాముకు అప్పగిస్తే మాత్రం ఏమీ జరగడం లేదు. కారణమేమిటి?

జవాబు: ఆ వేళకు కంప్యూటర్ మేలుకొనే ఉంటే, లోపం స్క్రిప్టులో కాక అది నడిచే వాతావరణంలో ఉండే అవకాశమే ఎక్కువ. టెర్మినల్ తెరవగానే, కమాండ్లను అందుకుని నడిపే షెల్ మీ సెట్టింగుల ఫైళ్లను చదివి, ప్రోగ్రాములను ఎక్కడెక్కడ వెతకాలో తెలిపే 'పాత్' జాబితాను నింపుకుంటుంది. క్రాన్ మాత్రం ఆ ఫైళ్ల జోలికి పోకుండా, సాధారణంగా రెండు మూడు డైరెక్టరీలతోనే (ఫోల్డర్లతోనే) సరిపెట్టుకుంటుంది. పైగా పనిని మీరున్న ఫోల్డర్ నుంచి కాక, మీ హోమ్ డైరెక్టరీ (మీ ఖాతా సొంత ఫోల్డర్) నుంచి మొదలుపెడుతుంది. అందుచేత ప్రోగ్రాములకూ ఫోల్డర్లకూ పూర్తి దారి రాయండి. క్రాన్ లైను చివర అవుట్‌పుట్‌నూ ఎర్రర్లనూ కలిపి ఒక లాగ్ ఫైలులోకి మళ్లించండి. తెల్లారి అందులో 'కమాండ్ నాట్ ఫౌండ్' (ఆ ప్రోగ్రాము దొరకలేదు) అని కనిపిస్తే దొంగ దొరికినట్టే.

ఫైలు పేరులో ఖాళీ ఉంటే షెల్ దాన్ని రెండు ముక్కలుగా చూస్తుంది కాబట్టి ఫైలు పేర్లను దాచుకునే వేరియబుళ్లను డబుల్ కోట్స్‌లో ఉంచండి. నేనైతే కొత్త స్క్రిప్టులో ఫైళ్లను తరలించే 'ఎంవీ' (mv) కమాండ్‌కు ముందు, దాన్ని నడపకుండా తెరపై చూపించే 'ఎకో' (echo) తగిలించి, ఏ ఫైలు ఎక్కడికి పోనుందో కళ్లారా చూశాకే దాన్ని తీసేస్తాను. ఈ అలవాటు లేని రోజుల్లో ఒకే పేరున్న రెండు ఫొటోలలో ఒకదాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నాను. 'ఎంవీ'కి 'మైనస్ ఎన్' (-n) చేరిస్తే అక్కడ ముందే ఉన్న ఫైలును చెరపదు.