సగటు వానని చూసి మురిసిపోకు

అమ్మలూ,

పెదనాన్న దీవెనలు. నీ వాతావరణ మోడల్ నుంచి నువ్వు పంపిన పటాలు తీరిగ్గా చూశాను. ఉష్ణమండలపు సగటు వర్షం ఉపగ్రహాల లెక్కకి బాగా దగ్గరగా వచ్చింది. అయినా ఎంజేఓ (మ్యాడెన్-జూలియన్ ఆసిలేషన్, భూమధ్యరేఖ దగ్గర తూర్పుకి జరిగే పెద్ద వానమబ్బుల గుంపు) జాడే లేదనీ, కెల్విన్ తరంగాలు (భూమధ్యరేఖ వెంట తూర్పుకి పోయే గాలి అలలు) మరీ వేగంగా పోతున్నాయనీ, ఇక గ్రిడ్ సన్నం చేయడమే, అంటే మోడల్ గళ్లు చిన్నవి చేయడమే దారనీ రాశావు. గ్రిడ్ జోలికి అప్పుడే వెళ్లకు. నీ మోడల్లో వాన ఎప్పుడు పడుతోందో, ఎలా పడుతోందో ముందు చూడు.

మన హైదరాబాద్‌నే తీసుకో. మే నెలలో పొద్దున్నుంచీ ఎండ మాడ్చేస్తుంది, మధ్యాహ్నానికి మబ్బులు లేస్తాయి, ఉరుముల వాన ఎక్కువగా దిగేది సాయంత్రం పూటే. తెలంగాణ మీది గళ్లు కొన్ని తీసుకుని మే నెల వర్షాన్ని గంటలవారీగా గీసి చూడు. మిట్టమధ్యాహ్నమే వాన ఎక్కువగా ఉండి, అదీ రోజూ కాస్త కాస్త తుంపరగా పడుతుంటే జబ్బు దొరికినట్టే. నేల వేడెక్కడం ఆలస్యం, నీ కన్వెక్షన్ స్కీమ్ (గాలి పైకి లేచి మేఘమై కురవడాన్ని గడిగడికీ లెక్కకట్టే సూత్రాలు) మేఘాన్ని పైదాకా లేపేస్తోంది. చుట్టూ పొడిగాలి ఉన్న సంగతే దానికి పట్టడం లేదు. నిజం మేఘం పైకి పోతూ ఆ పొడిగాలిని కలుపుకుని బలం తగ్గి మధ్యలోనే ఆగిపోతుంది. అలా ఆగిపోయిన మేఘాలే ఆ ఎత్తులో తేమ నింపి, వెనక వచ్చే వాటికి దారి చేస్తాయి. నీ మోడల్ చిల్లుకుండలా రోజూ కారిపోతుంటే తేమ పోగుపడేదెప్పుడు? సెకనుకి 5 మీటర్ల నిదానంతో వారాల తరబడి తూర్పుకి నడిచే ఎంజేఓ దేన్ని పట్టుకుని నిలబడుతుంది?

కెల్విన్ తరంగాల సంగతీ దీనికి దగ్గరి చుట్టమే. కన్వెక్షన్‌తో ముడిపడినవి సెకనుకి 15 నుంచి 20 మీటర్ల వేగంతో కదులుతాయి. పైకి లేచే గాలి చల్లబడుతుంటే, ఆవిరి నీరుగా మారేటప్పుడు వచ్చే వేడి ఆ చల్లదనాన్ని చాలావరకు పూడ్చేస్తుంది. అందుకే తరంగం నెమ్మదిస్తుంది. నీ పటంలో వేగం 30 దాటిందంటే వాన దారి వానది, తరంగం దారి తరంగానిది.

శాస్త్రవేత్తలు వీలర్, కిలాడిస్‌లు 1999లో చూపిన పద్ధతిలో స్పెక్ట్రమ్ (ఏ తరంగానికి ఎంత బలముందో చూపే పటం) గీశావు, సంతోషం. కానీ ఆ పటం వెనకున్న మసక స్పెక్ట్రమ్‌తో భాగించి వచ్చిన నిష్పత్తి. మొత్తం హెచ్చుతగ్గులే బలహీనంగా ఉన్న మోడల్ కూడా అందులో దర్జాగా కనిపించగలదు. భాగించక ముందు పవర్, అంటే తరంగాల అసలు బలం ఎంతుందో పక్కనే పెట్టి చూపించు. మీ గైడ్ అడిగే వరకూ ఆగకు.

తరవాత ఎంట్రైన్‌మెంట్‌ని, అంటే మేఘం చుట్టూ ఉన్న గాలిని కలుపుకోవడాన్ని, కొంచెం కొంచెంగా పెంచి చూడు. కనీస ఎంట్రైన్‌మెంట్ హద్దు పెడితే ఈ ఊగిసలాట బాగుపడుతుందని తొకియోకా బృందం 1988లోనే చూపించింది. అయితే తరంగాలు బలపడేసరికి, ఇప్పుడు నువ్వు మురిసిపోతున్న సగటు పటం చెడిపోయే అవకాశం ఎక్కువ. చాలా మోడళ్లలో జరిగేదే ఇది. టెన్షన్ పడి ఇంకో రెండు మీటలు తిప్పి దాన్ని కప్పేయకు. ఒక రన్‌కి ఒకటే మార్పు, బాగుపడ్డదీ చెడిందీ ఒకే పేజీలో. ముందు అంతా సముద్రమే ఉన్న ఆక్వాప్లానెట్ మీద చేస్తే కొండలూ నేలా అడ్డు రాకుండా స్కీమ్ గుణం తేటగా తెలుస్తుంది.

సన్నటి గ్రిడ్ ఎందుకు ఊరిస్తుందో నాకు తెలుసు. జపాన్ వాళ్లు 2007లో 7 కిలోమీటర్ల గ్రిడ్‌తో, కన్వెక్షన్ స్కీమ్ లేకుండానే ఒక ఎంజేఓని చక్కగా పట్టారు. మన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ కూడా 2025లో 6 కిలోమీటర్లకి వచ్చింది. కానీ నీకున్న కంప్యూటర్ టైమ్‌తో అంత గ్రిడ్ మీద ఏళ్ల తరబడి రన్ నడవదు. ఒక్క సీజన్ చూసి ఎంజేఓ మీద తీర్పు చెప్పనూ లేవు.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, మన వర్షాకాలంలో హిందూ మహాసముద్రం మీంచి ఉత్తరానికి జరిగే మేఘాల పట్టీని సిక్కా, గాడ్గిల్‌లు 1980లోనే ఉపగ్రహ చిత్రాల్లో పట్టి చూపించారు. అది ఎప్పుడు కదులుతుందో మోడల్‌కి తెలియకపోతే, ఆగస్టులో వాన మొహం చాటేసినప్పుడు మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగే పత్తి రైతుకి రెండు వారాల ముందు చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

కొత్త రన్‌లో రోజువారీ సగటు ఒక్కటే దాచకు. వాన గంటకోసారి, 850, 700, 500 మిల్లీబార్ల దగ్గర తేమ కనీసం ఆరు గంటలకోసారి ఉండాలి. భారీ వానకి ముందు కింది తేమ ముందుగా పెరిగి, తరవాత పైకి పాకుతోందో లేదో అప్పుడే తెలుస్తుంది. బేగంపేట నుంచి ఎగరేసే బెలూన్ల కొలతలతో మన ఊరి గడిని కూడా పోల్చు. రన్ మొదలుపెట్టే ముందు ఔట్‌పుట్ లిస్టు నాకు పంపించు, చూస్తాను.

మీ పెదనాన్న