సరిహద్దు ఊళ్లో కంపెనీ: ముందు పర్మిట్, తర్వాతే పెట్టుబడి

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలోని గోర్లిట్స్‌లో మెకట్రానిక్స్ ఎంఎస్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాడు. పోలండ్‌కు చెందిన క్లాస్‌మేట్‌తో కలిసి, ఫ్యాక్టరీ యంత్రాలు పాడవకముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీ అక్కడే పెడతానంటున్నాడు. వంతెన దాటితే పోలండ్ అట, అద్దె తక్కువట. పోలండ్‌లో ఉంటూ గోర్లిట్స్‌లో కంపెనీ నడుపుతాడట. 25,000 యూరోలు పంపమంటున్నాడు. పంపవచ్చా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇప్పుడే పంపకండి. ఆలోచన చెడ్డదేమీ కాదు. ఆ ఊరికి, ఆ చదువుకు చక్కగా సరిపోయే ఆలోచన. గోర్లిట్స్‌లో సీమెన్స్ ఎనర్జీ ఆవిరి టర్బైన్ల ప్లాంటు ఉంది. డేటా ఆధారిత పరిశోధన చేసే కాసుస్ సంస్థ ఉంది. బొగ్గు గనులు మూతపడుతున్న ప్రాంతం కాబట్టి కొత్త ఉపాధి కోసం ప్రభుత్వం అక్కడ డబ్బు పెడుతోంది. చిక్కంతా పనుల వరుసలో ఉంది. మీ అబ్బాయి చివర చేయాల్సిన పనిని మొదట చేయబోతున్నాడు.

ముందు అద్దె సంగతి. 1945లో నైసె నది సరిహద్దు కావడంతో ఒకే ఊరు రెండయింది. ఇటు గోర్లిట్స్, అటు పోలండ్‌లో జ్గోజెలెట్స్. పాత వంతెన మీద నడిచి వెళ్తే కొన్ని నిమిషాల దూరం. అటు ఉండి ఇటు పనిచేసేవాళ్లు చాలామందే ఉంటారు కానీ, వాళ్లు యూరోపియన్ యూనియన్ పౌరులు. భారత పాస్‌పోర్టు మీద ఉన్న జర్మన్ పర్మిట్‌తో పోలండ్‌కు 180 రోజుల్లో 90 రోజులు చుట్టపుచూపుగా వెళ్లి రావచ్చు, అంతే. అక్కడ కాపురం ఉండటానికి, పనిచేయడానికి ఆ కార్డు చెల్లదు. పైగా జర్మనీలో నివాసం వదిలేశాడని తేలితే ఉన్న పర్మిట్ కూడా రద్దవుతుంది. పోలండ్ భాగస్వామికి ఈ ఇబ్బంది లేదు. అతను అటే ఉండొచ్చు. మీవాడు మాత్రం గోర్లిట్స్‌లోనే ఇల్లు తీసుకుని అక్కడే నివాస నమోదు చేసుకోవాలి. 2023 నుంచి జర్మనీ, 2025 నుంచి పోలండ్ ఆ సరిహద్దులో మళ్లీ తనిఖీలు పెట్టాయి. కాఫీకి వంతెన దాటినా పాస్‌పోర్టు, కార్డు రెండూ జేబులో ఉండాలి.

ఇక పర్మిట్. స్టూడెంట్ పర్మిట్ మీద ఏడాదికి 140 పూర్తి రోజులు ఉద్యోగం చేయవచ్చు. సొంత వ్యాపారానికి మాత్రం విదేశీయుల కార్యాలయం విడిగా అనుమతి ఇవ్వాలి. వాటాదారుగా పేరుండటం వేరు, మేనేజింగ్ డైరెక్టర్‌గా సంతకాలు పెట్టి కంపెనీ నడపడం వేరు. అనుమతి లేకుండా రెండోది మొదలుపెడితే, తర్వాత పర్మిట్ మార్చుకునేటప్పుడు అదే అడ్డం తిరుగుతుంది.

తేలిక దారి ఇది. డిగ్రీ చేతికి రాగానే, స్టూడెంట్ పర్మిట్ గడువు ముగియకముందే, 18 నెలల ఉద్యోగాన్వేషణ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. జర్మన్ యూనివర్సిటీ పట్టభద్రులు ఆ కాలంలో ఏ పనైనా చేసుకోవచ్చు, సొంత వ్యాపారం కూడా. ఆ 18 నెలల్లో ఒకటి రెండు చిన్న ఫ్యాక్టరీల్లో సాఫ్ట్‌వేర్ పెట్టి చూడాలి. తర్వాత నివాస చట్టం సెక్షన్ 21 కింద స్వయం ఉపాధి పర్మిట్ అడగాలి. అక్కడే చదివినవాళ్లకు ఇందులో సడలింపు ఉంది. వ్యాపారం చదివిన చదువుకు సంబంధించినదై ఉంటే చాలు, ఆ ప్రాంతానికి ఆర్థిక అవసరం ఉందని విడిగా నిరూపించనక్కర్లేదు. మెకట్రానిక్స్ చదివి యంత్రాల సాఫ్ట్‌వేర్ చేస్తానంటే ఇట్టే సరిపోతుంది. అదే రెస్టారెంట్ పెడతానంటే ఈ సడలింపు దక్కదు. పర్మిట్ మూడేళ్ల వరకు ఇస్తారు. వ్యాపారం నిలదొక్కుకుంటే మూడేళ్ల తర్వాత శాశ్వత నివాసానికి అడగవచ్చు.

బిజినెస్ ప్లాన్ జర్మన్‌లోనే రాయించండి. దరఖాస్తులు ఎక్కువగా తేలిపోయేది నెలవారీ నగదు పట్టికలోనే. అమ్మకాలు గొప్పగా రాస్తారు, తన ఇంటి అద్దె, ఆరోగ్య బీమా రాయరు. విద్యార్థి బీమా రేటు చదువుతోపాటే ముగుస్తుంది, ఆ తర్వాత ప్రీమియం బాగా పెరుగుతుంది. కంపెనీ ఖర్చులతోపాటు మనిషి ఎలా బతుకుతాడో ఆ పట్టికలో కనపడాలి. ఒక ఫ్యాక్టరీ నుంచి ‘ఇంత ధరకు ట్రయల్ తీసుకుంటాం’ అనే ఉత్తరం ఒక్కటి జతచేస్తే ఇరవై పేజీల మార్కెట్ విశ్లేషణ కంటే బరువుగా ఉంటుంది.

25,000 యూరోలు జీఎంబీహెచ్‌కు, అంటే మన ప్రైవేట్ లిమిటెడ్ లాంటి జర్మన్ కంపెనీకి కావలసిన మూలధనం. నిజానికి దానిక్కూడా నమోదుకు ముందు 12,500 కడితే చాలు. మొదలుపెట్టడానికి యూజీ అనే చిన్న రూపం ఉంది. చట్టప్రకారం ఒక్క యూరోతోనూ పెట్టవచ్చు, కానీ పెట్టకూడదు. నోటరీ బిల్లు రాగానే కంపెనీ అప్పుల్లో పడుతుంది. కట్టాల్సినవి కట్టలేని స్థితి వస్తే డైరెక్టర్ గరిష్ఠంగా మూడు వారాల్లో దివాలా దరఖాస్తు వేయాలి, లేదంటే నేరం. ఇద్దరూ కలిసి 5,000 నుంచి 8,000 యూరోల మూలధనంతో యూజీ పెట్టడం నా సలహా. ఏటా లాభంలో నాలుగో వంతు కంపెనీలోనే నిల్వ ఉంచాలి. మూలధనం 25,000 చేరాక జీఎంబీహెచ్‌గా మార్చుకోవచ్చు.

నమోదు వరుస ఇలా ఉంటుంది. పేరు వాడుకోవచ్చో లేదో వాణిజ్య మండలి ఐహెచ్‌కేని అడగాలి. నోటరీ దగ్గర సంతకాలు చేయాలి. ఆ పత్రంతో బ్యాంకు ఖాతా తెరిచి మూలధనం వేయాలి. రసీదు చూశాక నోటరీ కోర్టులోని కంపెనీల రిజిస్టర్‌కు పంపుతారు. డబ్బు ముందే సొంత ఖాతాలో వేసి చూపిస్తే కుదరదు, నోటరీ సంతకం తర్వాత కంపెనీ ఖాతాలోకే రావాలి. నోటరీ పత్రమంతా పైకి చదివి వినిపిస్తారు. జర్మన్ సరిగా అర్థం కాదని తేలితే దుబాసీ లేకుండా ముందుకు సాగరు, ఆ ఖర్చు వేరు. రిజిస్టర్‌లో ఎక్కేదాకా కంపెనీ పేరుతో ఒప్పందాలు చేయవద్దు, ఈలోగా చేసినవాటికి చేసినవాడే సొంతంగా బాధ్యుడు. పేరు ఎక్కిన కొద్ది రోజులకే ప్రభుత్వం పంపినట్టే కనిపించే నకిలీ బిల్లులు పోస్టులో వస్తాయి. నోటరీకి చూపించకుండా ఒక్కటీ కట్టవద్దని చెప్పండి.

చవకగా దొరికే రెడీమేడ్ నమూనా ఒప్పందం వీళ్లకు వద్దు. అందులో ఒక్కరే డైరెక్టర్, సొంత షరతులు చేర్చడానికి వీల్లేదు. ఇద్దరు మిత్రులు చెరి సగం పెట్టుకున్న కంపెనీలో ఏడాది తర్వాత ఒకరికి మ్యూనిక్‌లో ఉద్యోగం వస్తే వాటా ఏమవుతుంది? మాట కలవకపోతే ఎవరిది చెల్లుతుంది? ఈ రెండింటికీ జవాబు మొదటి రోజే రాసి ఉండాలి. నోటరీ ఖర్చు కొంత పెరిగినా ఫరవాలేదు.

తర్వాత మున్సిపాలిటీలో వ్యాపార నమోదు, పన్ను కార్యాలయానికి ఆన్‌లైన్ ప్రశ్నాపత్రం. వ్యాట్ ఐడీ కావాలని అందులోనే టిక్ పెట్టాలి. అది లేకుండా పోలండ్ కంపెనీలకు పన్ను వేయని బిల్లు ఇవ్వలేరు. చిన్న వ్యాపారులకుండే వ్యాట్ మినహాయింపు ఎంచుకోవద్దు. కొనేవి ఫ్యాక్టరీలు, వాళ్లు కట్టిన వ్యాట్ వెనక్కి తీసుకుంటారు. మినహాయింపు తీసుకుంటే వీళ్లు కొన్న సెన్సార్లపై కట్టిన 19 శాతమే వృథా అవుతుంది.

పోలండ్‌లో కంపెనీ పెడితే చిన్న సంస్థలకు 9 శాతమే కార్పొరేట్ పన్ను, మూలధనం 5,000 జ్లోటీలే అని ఎవరో చెప్పే ఉంటారు. అంకెలు నిజమే. కానీ నిర్ణయాలు గోర్లిట్స్‌లో కూర్చుని తీసుకుంటే జర్మనీ దాన్ని తన కంపెనీగానే లెక్కేసి పన్ను అడుగుతుంది. మీవాడు ఉండాల్సింది జర్మనీలోనే కాబట్టి కంపెనీ కూడా అక్కడే ఉండాలి.

భాగస్వామి అటు ఇంటి నుంచి పనిచేస్తే ఇంకో లెక్క ఉంది. పని సమయంలో 25 శాతం, అంతకు మించి పోలండ్‌లో జరిగితే అతని సామాజిక భద్రత చెల్లింపులు పోలండ్‌కు మారతాయి. ఉద్యోగిగా ఉంటే యూరప్ దేశాల మధ్య 2023 జూలైలో అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద 50 శాతంలోపు ఇంటి పనికి ముందే దరఖాస్తు చేసి జర్మనీలోనే ఉంచవచ్చు. ఆ దరఖాస్తు చేసి, వారంలో మూడు రోజులు గోర్లిట్స్ ఆఫీసుకు రావడం సులువైన పరిష్కారం.

మీ వంతు డబ్బు సంగతి. మీరే వాటాదారు అయితే అది ఫెమా (విదేశీ మారక చట్టం) కింద విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి. బ్యాంకు ద్వారా రిజర్వ్ బ్యాంక్‌కు ఫారాలు, ఆ తర్వాతి రిపోర్టింగ్ అన్నీ మీ మీద పడతాయి. కొడుక్కి బహుమతిగా పంపితే ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపే రిజర్వ్ బ్యాంక్ పథకం) కింద తేలిగ్గా వెళ్తుంది. చదువు ఖర్చు పేరుతో మాత్రం పంపకండి, డబ్బు ఎందుకు పంపుతున్నారో బ్యాంకు రాసుకునే పర్పస్ కోడ్ తప్పయితే రేపు అక్కడి బ్యాంకు డబ్బు మూలం అడిగినప్పుడు కాగితాలు కలవవు. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. అందుకే రెండు ఆర్థిక సంవత్సరాల్లో విడదీసి పంపండి. మొదటి విడత 18 నెలల పర్మిట్ కార్డు, ఫ్యాక్టరీ ఉత్తరం రెండూ మీకు వాట్సాప్‌లో వచ్చాక.