ఫోటాన్‌కి జిరాక్స్ తీస్తే?

ప్రశ్న: ఎంటాంగిల్‌మెంట్‌లో ఉన్న (అంటే ఒకదాని కొలత ఫలితం రెండోదానితో ముడిపడి ఉన్న) ఫోటాన్ల, అంటే కాంతి కణాల, జంటలో ఒకటి నా దగ్గర, రెండోది దూరాన స్నేహితుడి దగ్గర ఉన్నాయనుకుందాం. అతను ఏ రకం కొలత చేశాడో నా ఒక్క ఫోటాన్‌ని చూసి చెప్పలేనంటారు. మరి దానికి వంద కాపీలు తీసి అన్నిటినీ పరీక్షిస్తే తెలిసిపోదా? అప్పుడు కాంతికన్నా వేగంగా కబురు అందినట్టే కదా!
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: మంచి ఉపాయమే. మీకంటే ముందే నిక్ హెర్బర్ట్ అనే అమెరికన్ భౌతికవేత్తకు తట్టింది. కాపీలు తీసే పని ఆయన లేజర్‌కి అప్పగించారు. ధ్రువణం అంటే కాంతి తరంగం ఊగే తీరు: నిలువుగానో అడ్డంగానో ఒకే గీతలో ఊగితే రేఖీయం, గుండ్రంగా తిరిగితే వృత్తాకారం. స్నేహితుడు రేఖీయ ధ్రువణం కొలిస్తే మీ కాపీలన్నీ నిలువుగానో, అన్నీ అడ్డంగానో తేలతాయి. వృత్తాకార ధ్రువణం కొలిస్తే సగం నిలువు, సగం అడ్డం. తేడా ఇట్టే తెలుస్తుంది!

ఈ ఉపాయం మీద హెర్బర్ట్ రాసిన వ్యాసం 1982లో ‘ఫౌండేషన్స్ ఆఫ్ ఫిజిక్స్’ పత్రికలో అచ్చయింది. అంతకుముందు పత్రిక తరఫున దాన్ని పరిశీలించిన ఇద్దరు భౌతికవేత్తల్లో గిరార్డి వద్దన్నారు, తప్పెక్కడుందో కూడా చూపించారు. ఆషర్ పెరెస్ మాత్రం అది తప్పని తెలిసే వేయమన్నారు. తప్పు వెతికే క్రమంలో కొత్త విషయం బయటపడుతుందని ఆయన లెక్క. నేనైతే గిరార్డి పక్షమే వహించి ఉండేవాణ్ణి. కానీ గెలిచింది పెరెస్ లెక్క. అదే ఏడాది వూటర్స్, జూరెక్ కలిసి, డీక్స్ విడిగా, తెలియని క్వాంటం స్థితికి (ఫోటాన్ ధ్రువణం లాంటిదానికి) అచ్చమైన కాపీ తీయడం అసాధ్యమని నిరూపించారు.

నిరూపణ చాలా చిన్నది. మీ యంత్రం నిలువు ఫోటాన్‌ని నిలువు–నిలువుగా, అడ్డాన్ని అడ్డం–అడ్డంగా మారుస్తుందనుకోండి. వృత్తాకార ఫోటాన్ అంటే ఆ రెండు స్థితుల కలయిక. క్వాంటం సమీకరణాలు గణితపరంగా రేఖీయం (అంటే కలయికలోని ఒక్కో భాగాన్నీ విడివిడిగా మార్చి కలుపుతాయి) కాబట్టి యంత్రంలోంచి వచ్చేదీ ‘నిలువు–నిలువు’, ‘అడ్డం–అడ్డం’ల కలయికే. అచ్చమైన రెండు వృత్తాకార ఫోటాన్లలో అయితే ‘నిలువు–అడ్డం’ పదాలు కూడా ఉండాలి. అవి ఇక్కడ రావు. అంటే ఆ రెండు స్థితులకూ నప్పేలా చేసిన యంత్రం మూడోదాని దగ్గర బోల్తా పడుతుంది.

లేజర్‌లోనూ అంతే. వచ్చిన ఫోటాన్ లాంటివాటితో పాటు, దానితో సంబంధం లేకుండా తమంతట తాము పుట్టే ఫోటాన్లూ కలుస్తాయి. ఆ కల్తీని వడకట్టే దారి లేదు.

‘అచ్చమైనది కాకపోయినా, దాదాపు సరిపోయే కాపీ చాలదా?’ అని మీరు తప్పకుండా అడుగుతారు. అలాంటిది తీయొచ్చు. బుజెక్, హిలరీ 1996లో చూపిన యంత్రం ఏ ధ్రువణాన్నయినా రెండు కాపీలు చేస్తుంది. ఒక్కో కాపీ అసలుతో సరిపోలే అవకాశం 5/6. ఇక మీ పథకం ప్రకారం ఆ రెంటినీ నిలువా, అడ్డమా అని పరీక్షించండి. రెండూ ఒకే జవాబివ్వడానికి అవకాశం, స్నేహితుడు రేఖీయం కొలిస్తే 2/3. వృత్తాకారం కొలిచినా సరిగ్గా 2/3. నా మాట మీద నమ్మకం లేకపోతే కాగితం మీద వేసి చూసుకోండి, అర పేజీ కూడా పట్టదు.